మెల్లకన్ను ఉన్నవాళ్లు వీఆర్ హెడ్‌సెట్‌లో లోతు చూడటం ఎలా: పరీక్షల నుంచి నాలుగో వారం దాకా

"చిన్నప్పటి నుంచి మెల్ల ఉంది. వీఆర్ పెట్టుకుంటే నాకు త్రీడీ కనిపిస్తుందా?" ఈ ప్రశ్న నాకు పదే పదే వస్తోంది. (వీఆర్ హెడ్‌సెట్ అంటే ఒక్కో కంటికీ విడి బొమ్మ చూపిస్తూ తలకి తగిలించుకునే పరికరం.) ఒక్కొక్కరికీ విడిగా రాసేకంటే, నేను పాటించిన క్రమం మొత్తాన్ని, చేసిన తప్పులతో సహా ఒకచోట పెడుతున్నాను.

నా కుడికన్ను బయటికి జారుతుంది. అన్నివేళలా కాదు. అలసిపోయినప్పుడు, పరధ్యానంగా దూరం చూస్తున్నప్పుడు. తొమ్మిదో ఏట ఆపరేషన్ అయ్యాక చాలావరకు తిన్నగా నిలబడింది గానీ పూర్తిగా పోలేదు.

మొదటిసారి వీఆర్ పెట్టుకున్నది ఒక స్నేహితుడి ఇంట్లో. అతని తలకు సరిపోయేలా బిగించిన హెడ్‌సెట్‌ని అలాగే పెట్టుకుని, నా కళ్లజోడు పక్కన పెట్టేసి, నలభై నిమిషాలు ఆడాను. తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. ఇది మనలాంటివాళ్లకి కాదనుకుని రెండేళ్లు వదిలేశాను. తప్పు నా కంటిది కాదు, అమర్చుకోవడంలో జరిగిందని తర్వాత తెలిసింది. అందుకే ఈ రాతలో ఆటల కంటే తయారీ గురించే ఎక్కువ ఉంటుంది.

నేను డాక్టర్‌ని కాదు. కింద రెండో అంచె దాటకుండా మూడోదానికి వెళ్లకండి.

## 1. ముందు తేల్చుకోవాల్సింది: ఏ లోతు కోసం చూస్తున్నాం?

లోతు మెదడుకి చాలా దారుల్లో తెలుస్తుంది. వాటిని రెండు గుంపులుగా అనుకుంటే మన పనికి చాలు.

మొదటిది ఒక్క కంటితో తెలిసే లోతు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దగ్గరి కరెంటు స్తంభాలు గబగబా వెనక్కి పోతాయి, దూరపు తాటిచెట్లు మెల్లగా కదులుతాయి, కొండ మనతోపాటే వస్తున్నట్టు ఉంటుంది. ఆ తేడాయే లోతు. నీడలు, ఒక వస్తువు ఇంకోదాన్ని కప్పేయడం, దూరం పోయేకొద్దీ రోడ్డు సన్నబడటం కూడా ఇందులోకే వస్తాయి. మనం ఇన్నాళ్లూ మెట్లు దిగింది, బండి నడిపింది వీటితోనే.

రెండోది రెండు కళ్లూ కలిస్తేనే తెలిసే లోతు. రెండు కళ్ల మధ్య ఆరు సెంటీమీటర్లకు పైగా దూరం ఉంటుంది కాబట్టి ఒకే వస్తువు వాటికి కాస్త వేరువేరుగా కనిపిస్తుంది. మెదడు ఆ తేడాని కొలిచి, వస్తువు ఎంత ముందుందో చెబుతుంది. తల కదపకుండా సూదిలో దారం ఎక్కించేటప్పుడు పనికొచ్చేది ఇదే. మెల్ల ఉన్నవాళ్లలో రెండు కళ్లూ ఒకే చోటికి గురిపెట్టవు. అప్పుడు ఒకటి రెండుగా కనిపించకుండా మెదడు ఒక కంటి బొమ్మను నొక్కేస్తుంది. బొమ్మతోపాటు ఈ లోతూ పోతుంది.

వీఆర్ హెడ్‌సెట్ రెండు లోతులూ ఇస్తుంది. తల కదలికను అనుసరించి దృశ్యం మారుతుంది కాబట్టి, ఒక్క కన్నే పనిచేసేవాళ్లకి కూడా మొదటి లోతు బాగా తెలుస్తుంది. చాలామంది దాన్ని చూసి "నాకు త్రీడీ వచ్చేసింది" అనుకుంటారు. కొన్నాళ్లకి అది కాదని తెలిసి డీలా పడతారు. ఈ రెండింటినీ విడదీసి చూడటం ఆరో అంచెలో చెబుతాను.

ఇంకో మాట. మామూలు ఆటల్లో హెడ్‌సెట్ మీ కంటి వంకరను సరిచేయదు. అది పెట్టుకున్నా కన్ను జారడం ఆగదు.

## 2. కంటి డాక్టర్ దగ్గర తెలుసుకోవాల్సినవి

మామూలు పవర్ చెకప్ సరిపోదు. స్క్వింట్ (మెల్ల) చూసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. పెద్ద ఆసుపత్రుల్లో ఈ విభాగం తరచుగా పిల్లల కంటి విభాగంతో కలిసి ఉంటుంది. బోర్డు మీద పిల్లల బొమ్మలు చూసి, పొరపాటున వచ్చామేమో అని మొహమాటపడకండి. పెద్దవాళ్ల మెల్లని చూసేదీ వాళ్లే. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ, ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, తిరుపతిలో అరవింద్, చెన్నైలో శంకర నేత్రాలయ లాంటి చోట్ల అడగవచ్చు.

అక్కడ అడిగి రాసుకోవాల్సినవి:

- [ ] నా మెల్ల ఎప్పుడూ ఉండేదా, అప్పుడప్పుడూ వచ్చేదా?
- [ ] లోపలికా, బయటికా, పైకీ కిందికీనా? ఎన్ని ప్రిజమ్ డయాప్టర్లు? (1 ప్రిజమ్ డయాప్టర్ అంటే మీటరు దూరంలో బొమ్మ 1 సెంటీమీటరు పక్కకు జరగడం.)
- [ ] రెండో కంటి చూపు మందగించిందా, అంటే లేజీ ఐ ఉందా?
- [ ] నాలుగు దీపాల పరీక్షలో ఎన్ని దీపాలు కనిపించాయి?
- [ ] ఈగ బొమ్మ, చుక్కల బొమ్మల పుస్తకాలతో చేసే లోతు పరీక్షలో ఎన్ని ఆర్క్ సెకన్లు వచ్చాయి?
- [ ] రెండు బొమ్మలు కలిపే శక్తి నాకు ఉందా?
- [ ] వీఆర్ వాడితే ఒకటి రెండుగా కనిపించడం మొదలై అలాగే ఉండిపోయే ప్రమాదం నాకు ఉందా?

ఆర్క్ సెకన్ల అంకె ఎంత చిన్నదైతే లోతు అంత సూక్ష్మంగా తెలుస్తున్నట్టు. ఈగ బొమ్మ రెక్కలు పైకి లేచినట్టు కనిపించడం 3000 దగ్గర, చాలా మోటు లోతు. అదే పుస్తకంలో చిన్న వలయాలు 40 దాకా దిగుతాయి. మామూలు చూపు ఉన్నవాళ్లు ఆ చివరిదాకా వెళ్లగలరు. 3000 ఒక్కటే కనిపించినా పునాది ఉన్నట్టే. దాన్ని చిన్నచూపు చూడకండి.

చివరి ప్రశ్నని మాత్రం దాటేయకండి. మెదడు ఒక కంటి బొమ్మను నొక్కేయడం మనకి లోపంలా అనిపిస్తుంది గానీ అది రక్షణ కూడా. రెండు బొమ్మలు కలిపే శక్తి లేనివాళ్లలో ఆ నొక్కేయడాన్ని బలవంతంగా తీసేస్తే, ప్రతిదీ రెండుగా కనిపిస్తూ అది తగ్గకుండా మిగిలిపోవచ్చు. చిన్నప్పటి నుంచి పెద్ద వంకర ఎప్పుడూ ఉండేవాళ్లు ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

వీళ్లు డాక్టర్ సరే అనేదాకా హెడ్‌సెట్ జోలికి వెళ్లకూడదు:

- కంటి ఆపరేషన్ ఈమధ్యే అయినవాళ్లు
- మూర్ఛ ఉన్నవాళ్లు, మెరిసే వెలుగుకి ఇబ్బంది పడేవాళ్లు
- పెద్దయ్యాక హఠాత్తుగా మెల్ల వచ్చినవాళ్లు, లేదా ఒకటి రెండుగా కనిపించడం కొత్తగా మొదలైనవాళ్లు. ఇది వీఆర్ సంగతే కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన సంగతి. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో కంటిని కదిపే నరం దెబ్బతిన్నా ఇలాగే మొదలవుతుంది.
- పిల్లలు. మెటా క్వెస్ట్ హెడ్‌సెట్‌లకి కంపెనీ పెట్టిన కనీస వయసు 10 ఏళ్లు. మెల్ల ఉన్న పిల్లలకి అది దాటినా డాక్టర్ మాటే కొలత.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి: మన ఇళ్లలో "మెల్ల అదృష్టం" అని వదిలేయడం ఇంకా వింటున్నాను. దయచేసి వదలకండి. రెండు కళ్లు కలిసి పనిచేయడం మెదడు నేర్చుకునేది ముఖ్యంగా తొలి ఏళ్లలో. హెడ్‌సెట్ కొనే డబ్బుంటే ముందు ఆ పరీక్షకి పెట్టండి.

## 3. ఏ హెడ్‌సెట్?

మనకి ముఖ్యమైనది ఒకటే: కటకాల మధ్య దూరం ఎంత చిన్న చిన్న తేడాలతో మార్చుకోవచ్చు. అది మీ కంటిపాపల మధ్య దూరానికి సరిపోవాలి. ఆ కొలతని ఐపీడీ అంటారు.

క్వెస్ట్ 3లో చక్రం తిప్పితే 58 నుంచి 71 మిల్లీమీటర్ల దాకా ఎక్కడైనా ఆపుకోవచ్చు. క్వెస్ట్ 2, క్వెస్ట్ 3ఎస్‌లో 58, 63, 68 అని మూడు మెట్లే. మీ కొలత 63కి దగ్గరగా ఉంటే ఆ మూడు మెట్లు చాలు. 60 లేదా 66 దగ్గర ఉంటే నేను చక్రం ఉన్నదాన్నే చూడమంటాను. మామూలువాళ్లకి ఆ రెండు మూడు మిల్లీమీటర్లు పెద్ద లెక్క కాకపోవచ్చు. కళ్లని కలిపి ఉంచడానికే కష్టపడే మనకి మాత్రం తేడా తెలుస్తుంది.

ఫోన్ పెట్టుకునే అట్టపెట్టె రకాలతో మొదలుపెట్టకండి. వాటిలో సాధారణంగా తల తిప్పడం తెలుస్తుందే గానీ తల పక్కకి జరపడం తెలియదు, కాబట్టి మొదటి రకం లోతులో ముఖ్యమైన భాగం పోతుంది. కటకాల దూరం కూడా చాలావాటిలో మారదు.

కంటిచూపుతో నడిచే హెడ్‌సెట్‌లు మెల్లకన్నుని చూసి తికమకపడవచ్చు. యాపిల్ విజన్ ప్రో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఒక్క కన్నునే అనుసరించమని చెప్పే వీలుంది.

కొనేముందు ఎవరిదైనా అడిగి, కింద చెప్పినట్టు అమర్చుకుని, పది నిమిషాలు చూడండి.

## 4. అమర్చుకోవడం

నేను రెండేళ్లు పోగొట్టుకున్నది ఇక్కడే. ఈ అంచెకి ఒక సాయంత్రం మొత్తం ఇవ్వండి.

కంటిపాపల దూరం. కళ్లజోడు షాపులో కొలిపించుకోండి, కానీ ఒక షరతుతో. రెండు కళ్లూ తెరిచి ఉండగా కొలిస్తే, జారిన కన్ను జారినచోటే లెక్కలోకి వస్తుంది. ముక్కు మధ్య నుంచి ఒక్కో కన్నుకి విడివిడిగా, రెండో కన్ను మూయించి కొలవమని అడగండి. కుడికి 32, ఎడమకి 31 వస్తే మీ కొలత 63.

కళ్లజోడు. తెర కంటికి అంగుళాల దూరంలో ఉంది కదా, దూరపు పవర్ ఎందుకు అనుకుంటారు. కటకాల వల్ల కంటికి ఆ తెర మీటరు నుంచి రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. కాబట్టి మైనస్ పవర్ ఉన్నవాళ్లు అద్దాలు పెట్టుకోవాలి. ప్లస్ పవర్ వల్ల కన్ను లోపలికి తిరిగే మెల్ల ఉంటే అద్దాలు తీయనే కూడదు. అవి లేకపోతే కన్ను ఫోకస్ కోసం కష్టపడి ఇంకా లోపలికి తిరుగుతుంది.

ప్రిజమ్ ఉన్న అద్దాలైతే వాటినే హెడ్‌సెట్ లోపల పెట్టుకోండి. హెడ్‌సెట్‌లో బిగించుకునే పవర్ కటకాలు విడిగా దొరుకుతాయి, కానీ ప్రిజమ్ కలిపి ఇస్తారో లేదో డబ్బు కట్టేముందే అడగండి. క్వెస్ట్ 3లో కటకాలకీ ముఖానికీ మధ్య ఎడం నాలుగు మెట్లలో పెంచుకోవచ్చు. అద్దాలు కటకాలకి తగిలితే రెండింటి మీదా గీతలు పడతాయి.

తల మీద కూర్చోబెట్టడం. ఈ వరసలో చేయండి:

1. చక్రాన్ని మీ కొలతకి పెట్టండి.
2. ఎడమకన్ను మూసి, మెనూలో చిన్న అక్షరాలు చూడండి. హెడ్‌సెట్‌ని పైకీ కిందికీ జరిపి, అక్షరాలు బాగా తేటగా ఉన్నచోట ఆపండి.
3. కుడికన్ను మూసి అదే చేయండి. రెండు కళ్లకీ తేటగా ఉండే ఒకే చోటు దొరకాలి.
4. వెనక పట్టీ బిగించండి. బరువు చెంపల మీద కాదు, తల వెనక పడాలి.
5. అద్దంలో చూడండి, లేదా ఇంట్లోవాళ్లని చూడమనండి. హెడ్‌సెట్ ఒక పక్కకి వాలి ఉండకూడదు. వాలు ఉంటే పైకీ కిందికీ జంట బొమ్మలు కనిపించవచ్చు.

మనవైపు ఎండాకాలంలో ఇంకో రెండు జాగ్రత్తలు. చెమటకి కటకాలు మసకబారుతాయి, మెత్తటి పొడిగుడ్డ దగ్గర పెట్టుకోండి. హెడ్‌సెట్‌ని కిటికీ దగ్గర, బాల్కనీలో వదిలేయకండి. కటకాల మీద నేరుగా ఎండ పడితే అవి భూతద్దంలా పనిచేసి తెరని కాల్చేస్తాయి.

## 5. మొదటి పది నిమిషాలు

కుర్చీలో కూర్చోండి. ఆటలు వద్దు. హెడ్‌సెట్ ఆన్ కాగానే కనిపించే గది లాంటి దృశ్యం చాలు.

1. ఒక్కో కన్ను మూస్తూ రెండు కళ్లకీ దృశ్యం తేటగా అందుతోందని చూసుకోండి.
2. రెండూ తెరవండి. ఐదారు అడుగుల దూరంలో ఉన్న వస్తువుని చూడండి. ఒకటిగా ఉందా, రెండుగానా?
3. ఒకటిగానే ఉంటే బలహీనమైన కన్ను మూయండి. ఏమీ మారలేదా? మెదడు ఆ కన్నుని అప్పటికే పక్కన పెట్టి ఉండవచ్చు. రాసుకోండి, బాధపడకండి.
4. ఇప్పుడు తలని జానెడు దూరం కుడికీ ఎడమకీ జరపండి. దగ్గరి వస్తువు ఎక్కువ, దూరపుది తక్కువ కదలాలి. ఇది మొదటి రకం లోతు. ఒక నిమిషం దీన్ని ఆస్వాదించండి. దీన్ని నేను తక్కువరకం లోతు అనను. హెడ్‌సెట్‌లో నాకు ఇప్పటికీ ఎక్కువ పనికొచ్చేది ఇదే.
5. తల కదపడం ఆపి, అదే వస్తువునీ దాని వెనక గోడనీ మార్చి మార్చి చూడండి. రెంటి మధ్య ఖాళీ ఉన్నట్టు అనిపిస్తోందా?
6. పది నిమిషాలు కాగానే తీసేయండి. బాగున్నా తీసేయండి.

తీశాక కిటికీలోంచి దూరం చూస్తూ పది నిమిషాలు కూర్చోండి. కనీసం ఒక అరగంట బండి తాళాలు ముట్టుకోకండి.

## 6. వచ్చింది నిజంగా రెండు కళ్ల లోతేనా?

నమ్మదగ్గ పరీక్ష చుక్కల బొమ్మ, దాన్ని రాండమ్ డాట్ స్టీరియోగ్రామ్ అంటారు. పక్కపక్కనే రెండు చదరాలు, రెండింటిలోనూ చెల్లాచెదురు చుక్కలు. ఒక్క కన్నుతో ఎంత చూసినా చుక్కలే. రెండు కళ్లూ కలిస్తేనే మధ్యలో ఒక ఆకారం ముందుకి లేస్తుంది, లేదా లోపలికి కుంగుతుంది. నీడలు, కదలికలతో ఊహించే వీలు ఇందులో లేదు. మన కళ్లు మనల్ని మోసం చేయలేని చోటు ఇది.

ఇంట్లో ఇలా చేయండి:

1. చదరం, త్రిభుజం, వృత్తం, కూడిక గుర్తు దాగి ఉన్న నాలుగు బొమ్మలు సంపాదించి హెడ్‌సెట్‌లోకి ఎక్కించండి. పేర్లకి బదులు అంకెలు పెట్టమని ఇంట్లోవాళ్లకి చెప్పండి. ఏ అంకె ఏ ఆకారమో మీకు తెలియకూడదు.
2. త్రీడీ ఫొటోలు చూపే యాప్‌లో, పక్కపక్క బొమ్మల పద్ధతిలో తెరవండి. ఎడమ బొమ్మ ఎడమకంటికే వెళ్లాలి. తారుమారైతే లేవాల్సింది కుంగినట్టు కనిపిస్తుంది.
3. ఇంట్లోవాళ్లు చెప్పిన అంకె తెరిచి, ఏ ఆకారమో చెప్పండి. ఒక్కోదానికి అరనిమిషం. కళ్లు మార్చి మార్చి మూయకూడదు.
4. పదిసార్లు చేయండి. నాలుగు ఆకారాల్లో గుడ్డిగా చెప్పినా రెండు మూడు సరిపోతాయి. ఏడెనిమిది సరిపోతే నిజంగా కనిపిస్తున్నట్టే.
5. ఒక కన్ను మూసి మళ్లీ చేయండి. ఇప్పుడు తెలియకూడదు. తెలిస్తే ఆ బొమ్మలో ఏదో లోపం ఉంది, మార్చండి.

ఒక్కటీ కనిపించకపోతే అంతా అయిపోయిందని కాదు. చుక్కల బొమ్మ సూక్ష్మమైన లోతుని అడుగుతుంది. కొందరికి ఇది తెలియకపోయినా, పెద్ద వస్తువు ముఖం మీదకి వస్తుంటే తెలుస్తుంది.

## 7. నాలుగు వారాల క్రమం

వారానికి ఐదు రోజులు, రెండు రోజులు సెలవు. ఇది చికిత్స కాదు, గమనించడం అలవాటు చేసుకోవడం. కళ్లు అలసిన సాయంత్రాలు కాకుండా, వీలైతే పొద్దున పూట చేయండి. నా కన్ను పొద్దున తిన్నగా ఉన్నంతగా రాత్రి ఎనిమిదికి ఉండదు.

మొదటి వారం, పది నిమిషాలు. కదలని దృశ్యాలు. రెండు మూడు మీటర్ల దూరంలో ఉన్నవే చూడండి. మోచేతి దూరం లోపలివి వద్దు.

రెండో వారం, పది పదిహేను నిమిషాలు. మెల్లగా మీ వైపు వచ్చే పెద్ద వస్తువులు: బెలూన్, చేప, కాగితపు విమానం లాంటివి. తల ఆపి చూడండి. వస్తువు చేరువయ్యేకొద్దీ ఎక్కడ రెండుగా విడిపోతుందో గమనించి, దానికంటే అడుగు ముందే ఆపేయండి.

మూడో వారం, పదిహేను నిమిషాలు. చెయ్యి చాచి అందుకునే పనులు: గిన్నెలో బంతి వేయడం, వస్తువు మీద వస్తువు పేర్చడం. ముందు తల కదుపుతూ, తర్వాత కదపకుండా చేసి చూడండి. రెండింటిలో ఎన్ని తప్పాయో లెక్కపెట్టండి. ఆ తేడా మీకు పరీక్ష పుస్తకం చెప్పనిది చెబుతుంది.

నాలుగో వారం, హెడ్‌సెట్ తర్వాత ఐదు నిమిషాలు బయట. రెండు మీటర్ల నూలు దారం, మూడు రంగుల పూసలు తీసుకోండి. దారం ఒక కొన కిటికీ ఊచకి కట్టి, రెండో కొన ముక్కు కొసకి ఆనించి బిగువుగా పట్టుకోండి. మధ్య పూసని చూడండి.

- పూస దగ్గర రెండు దారాలు గుణకారం గుర్తులా ఒకదాన్నొకటి దాటితే, రెండు కళ్లూ పనిలో ఉన్నాయి, గురి కుదిరింది.
- ఒక్క దారమే కనిపిస్తే ఒక కన్ను పక్కకి తప్పుకుంది.
- పూస కంటే ముందే దాటితే గురి దగ్గరగా పడుతోంది. పూస వెనక దాటితే దూరంగా పడుతోంది.

మధ్య పూసని చూసేటప్పుడు ముందు వెనక పూసలు రెండుగా కనిపించడం మామూలే. మెల్ల లేనివాళ్లకీ అంతే. అది చూసి టెన్షన్ పడకండి.

నాకు మూడో వారం మధ్యలో ఒకటి జరిగింది. హెడ్‌సెట్‌లో ఎగురుతున్న కాగితపు విమానానికీ నా చేతికీ మధ్య ఖాళీ చోటు తెలిసింది. విమానం కాదు, ఖాళీ. తర్వాత పదిరోజులకి బాల్కనీలో కరివేపాకు మొక్క దగ్గర నిలబడితే, ఒక రెబ్బ వెనక ఇంకో రెబ్బ, వాటి మధ్యలో గాలి ఉన్నట్టు కనిపించింది. నాలుగైదు సెకన్లే. కదలకుండా నిలబడిపోయాను.

ఇది ఎవరికి, ఎప్పుడు వస్తుందో నేను చెప్పలేను. పెద్దయ్యాక రాదని మాత్రం అనకూడదు. పసితనం నుంచి మెల్ల ఉన్న అమెరికా నాడీశాస్త్రవేత్త సూసన్ బ్యారీకి 48 ఏళ్ల వయసులో, డాక్టర్ పర్యవేక్షణలో కంటి శిక్షణ తీసుకున్నాక లోతు కనిపించింది. కారు స్టీరింగ్ ముందుకి పొడుచుకొచ్చినట్టు అనిపించడం ఆమె తొలి అనుభవాల్లో ఒకటి. నాకు ఆసుపత్రి పరీక్షలో మారింది ఒక్క మెట్టే. అదీ హెడ్‌సెట్ వల్లే అని చెప్పలేమని డాక్టర్ అన్నారు, పరీక్ష అలవాటైనా అంత మారవచ్చట.

## 8. తరచుగా జరిగే పొరపాట్లు, సరిచేసుకోవడం

దగ్గరివి మాత్రమే రెండుగా కనిపిస్తున్నాయి. మీ కళ్లు అంత లోపలికి గురిపెట్టలేకపోతున్నాయి. పైగా హెడ్‌సెట్‌లో గురి దగ్గరికి మారినా ఫోకస్ దూరం మారదు, ఆ పొంతన లేకపోవడం కళ్లని అలసటపెడుతుంది. మెనూ తెరని రెండు మీటర్లు వెనక్కి జరపండి.

అక్షరాలు ఒకదాని మీద ఒకటి రెండుగా ఉన్నాయి. ముందు హెడ్‌సెట్ వాలు సరిచేయండి. తల తిన్నగా, హెడ్‌సెట్ తిన్నగా ఉన్నా అలాగే ఉంటే పైకీ కిందికీ జారే మెల్ల ఉండవచ్చు. డాక్టర్‌కి చెప్పండి.

ఒక కంటికి అంచులు మసక. కటకాల దూరం తప్పింది, లేదా కన్ను కటకం మధ్య నుంచి జారింది. నాలుగో అంచె మళ్లీ చేయండి.

కడుపులో తిప్పుతోంది. చాలాసార్లు కారణం మెల్ల కాదు. కూర్చున్నచోటే ఉండి లోకం మాత్రం జారిపోయే ఆటల వల్ల ఎవరికైనా అలా అవుతుంది. ఒక చోటు నుంచి ఇంకో చోటికి గెంతే పద్ధతి ఎంచుకోండి. ఎదురుగా ఫ్యాన్ పెట్టుకుంటే కొంత నయం. ఓర్చుకుని ఆడితే తగ్గదు, తీసేస్తేనే తగ్గుతుంది.

కన్ను వెనక లాగుతున్నట్టు ఉంది. సమయం సగానికి తగ్గించండి. మూడు రోజులైనా అలాగే ఉంటే మానేసి చూపించుకోండి.

హెడ్‌సెట్ తీశాక కూడా రెండుగా కనిపిస్తోంది. కొద్ది నిమిషాల్లో సర్దుకుంటే ఆ రోజుకి ఆపండి, మర్నాడు సగం సమయమే. గంట దాటినా తగ్గకపోయినా, రెండు మూడు రోజులు వరసగా ఇలాగే జరిగినా ఇక పెట్టుకోకండి. డాక్టర్‌ని కలవండి.

బలమైన కంటికి మసక పెడితే రెండోది పనిచేస్తుందని ఎవరో చెప్పారు. ఇంట్లో చేయకండి. ఒక్కో కంటికి వెలుగు, స్పష్టత విడిగా మార్చడం, బొమ్మని కంటి వంకరకి తగ్గట్టు పక్కకి జరపడం చికిత్సలో వాడే పద్ధతులే. అవి పనిచేసేది మెదడు ఆ కన్నుని నొక్కేయకుండా చేయడం ద్వారా. రెండో అంచెలో చెప్పిన ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. వివిడ్ విజన్ లాంటి సాఫ్ట్‌వేర్ కంటి డాక్టర్ల ద్వారా ఇచ్చేది అందుకే. అమెరికాలో 2021లో అనుమతి పొందిన లూమినోపియా అనే వీఆర్ చికిత్స మొదట వచ్చింది 4 నుంచి 7 ఏళ్ల పిల్లల లేజీ ఐ కోసం. అది మెల్లని తిన్నగా చేసేది కాదు. "ఆపరేషన్ లేకుండా వీఆర్‌తో మెల్ల పోగొడతాం" అని ఎవరైనా అంటే, ఎన్ని డయాప్టర్ల మెల్లకి, ఏ పరీక్షతో కొలుస్తారో అడగండి.

## 9. రోజూ రాయాల్సిన నాలుగు సంగతులు

- [ ] తేదీ, సమయం, ఎన్ని నిమిషాలు
- [ ] ఎంత దూరంలో రెండుగా విడిపోయింది
- [ ] తల ఆపినప్పుడు లోతు తెలిసిందా: లేదు, అనుమానం, అవును
- [ ] తీశాక కళ్లు ఎన్ని నిమిషాలకి మామూలయ్యాయి

వారానికోసారి చుక్కల బొమ్మ పరీక్ష ఫలితం కూడా రాయండి. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ కాగితం తీసుకెళ్లండి. "ఏదో బాగున్నట్టుంది" అనే మాట కంటే ఇది వాళ్లకి పనికొస్తుంది.

## 10. నాలుగు వారాలైనా తల ఆపితే అంతా చదునుగానే ఉంటే

సమయం పెంచకండి. అక్కడితో వెతకడం ఆపి, రాసుకున్నది డాక్టర్‌కి చూపించండి. కంటి శిక్షణ గానీ, ప్రిజమ్ గానీ, ఆపరేషన్ గానీ మీకు పనికొస్తుందేమో వాళ్లు చూస్తారు.

హెడ్‌సెట్‌ని అమ్మేయాల్సిన పని లేదు. డాక్టర్ వద్దనకపోతే మామూలుగా ఆడుకోండి. నిలబడి, తల కదిపే ఆటలు ఎంచుకోండి. వస్తువు అందుకునే ముందు తలని రెండంగుళాలు పక్కకి వంచి చూడండి, దూరం తెలుస్తుంది. నీడలు చూపించే సెట్టింగ్ ఉంటే ఆన్ చేసి ఉంచండి. బంతి నీడ బల్ల మీద ఎక్కడ పడిందో చూసి బ్యాట్ ఊపితే, టేబుల్ టెన్నిస్‌లో రెండు కళ్లు కలిసేవాళ్లతో కూడా ఆడవచ్చు. నేను అలాగే ఆడతాను.